ప్రస్తుతం - అప్రస్తుతం

కాలువ మరమ్మతును గురించి మాట్లాడుకోవడానికి రైతులు రచ్చబండ దగ్గర కూడారనుకొందాం. ఒకరు పెళ్ళి కబురు ఎత్తుతారు. మరొకరు సంత సంగతి చెబుతారు. కాలువ మాట వెనుకబడుతుంది. అయితే, "గట్టుకు ఎండ్రకాయలు బొరియలు చేస్తున్నాయి" అని ఒకరు అంటే, అది ఎండ్రకాయల మాటయినా కాలువ మాటే. సందర్భానికి చెందిన మాట ప్రస్తుతం, చెందనిది అప్రస్తుతం. ఈ రెండింటి నడుమ గీత గీయడం అంత తేలిక కాదు. కంప్యూటర్ల చరిత్రలో ఇందుకు ఒక చక్కని ఉదాహరణ ఉన్నది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటరు పనులన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాము. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఆచార్యులుగా ఉన్న ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను వెలువరించారు. విద్యార్థులు దాని లోపలి రాతను చదివి నేర్చుకోవాలని ఆయన కోరిక. అందుచేతనే దానిని చిన్నదిగా ఉంచారు. దానిని వాడేవారు తమ సందేహాలు తీర్చుకోవడానికి యూజ్‌నెట్ అనే కంప్యూటర్ల వలలో ఒక చర్చావేదిక ఏర్పడింది.

1991 ఆగస్టు 25న, ఫిన్లాండులోని హెల్సింకీలో చదువుకొంటున్న లీనస్ టోర్వాల్డ్స్ ఆ వేదికలో ఒక సందేశం ఉంచాడు. అప్పటికి అతనికి 21 ఏండ్లు. తాను సరదాకు ఒక కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని చెప్పి, మినిక్స్‌లో ఏవి నచ్చాయో, ఏవి నచ్చలేదో తెలుపమని కోరాడు. తరువాత లినక్స్ అని పేరుపొందినది అదే.

వేదిక మినిక్స్‌ది, వార్త వేరొకదానిది. మరి ఇది అప్రస్తుతమా? కాదు. అతడు అడిగినది మినిక్స్‌ను గురించే. పైగా తొలినాటి లినక్స్‌ను మినిక్స్ ఉన్న కంప్యూటరులోనే తయారు చేయవలసి వచ్చేది. పేరును మాత్రమే చూసి ఆ సందేశాన్ని తోసివేసి ఉంటే, దానిని అర్థం చేసుకోగల తొలి పాఠకులు లినక్స్‌కు దొరికేవారు కారు.

అదే సంవత్సరం డిసెంబరులో వచ్చిన లినక్స్ కూర్పుకు మినిక్స్ అవసరం లేకపోయింది. బంధం సడలింది, కాని లినక్స్ సందేశాలు పెరుగుతూనే ఉన్నాయి. మినిక్స్ నేర్చుకొనే విద్యార్థి తనకు కావలసిన జవాబును వాటి మధ్య వెదుక్కోవలసి వచ్చింది. లినక్స్ వారికీ అది పరాయి పంచే.

1992 జనవరి 19న లినక్స్ కోసం వేరుగా ఏర్పడిన వేదికలో తొలి సందేశం కనిపించింది. అయినా గీత వెంటనే స్పష్టం కాలేదు. పది రోజుల తరువాత, లినక్స్ నిర్మాణ పద్ధతి కాలం చెల్లినదని టానెన్‌బామ్ మినిక్స్ వేదికలోనే రాశారు. టోర్వాల్డ్స్ ఘాటుగా బదులిచ్చాడు. మరునాడే తన మాటతీరుకు క్షమాపణ చెప్పుకొన్నాడు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడివిడి భాగాలుగా కట్టాలా, ఒకే ముద్దగా కట్టాలా అన్నదే ఆ వాదం. అది మినిక్స్‌కూ చెందినదే. కనుక విషయం ప్రస్తుతమే. తీరు మాత్రమే హద్దు దాటింది.

1992 మార్చి 31న లినక్స్ వేదిక యూజ్‌నెట్‌లోని ముఖ్య శాఖలలో ఒకదానికి చేరింది. ఆ రోజులలో ఆ శాఖలో చోటు దొరకాలంటే చర్చ జరగవలసి ఉండేది, ఓట్లు పడవలసి ఉండేది. కావాలన్న ఓట్లు వద్దన్న వాటికన్నా కనీసం 100 ఎక్కువ రావలసి ఉండేది. తరువాత ఆ వేదిక కూడా ప్రకటనలకు, సహాయానికి, నిర్మాణానికి వేరు వేరుగా విడిపోయింది.

కూడినవారి పనికి తోడ్పడే మాట ప్రస్తుతం. దానికి పేరు ఒక్కటే కొలత కాదు. నిన్న ప్రస్తుతమైనది నేడు కాకపోవచ్చు. అటువంటి మాట పెరిగినప్పుడు, పొమ్మనడానికి ముందు దానికి చోటు చూపడం మర్యాద.

పదాలు - అర్థాలు
సడలు = వదులగు
పరాయి పంచ = ఇతరుల ఇంటి నీడ
కూర్పు = ఒకసారి సిద్ధపరచి వెలువరించిన రూపం

ప్రశ్నలు
1. టోర్వాల్డ్స్ తొలి సందేశం ఎందుకు ప్రస్తుతమయింది?
2. డిసెంబరు తరువాత పరిస్థితి ఎలా మారింది?
3. "విషయం ప్రస్తుతమే, తీరు మాత్రమే హద్దు దాటింది" - వివరించండి.
4. మీ తరగతి సభలో అప్రస్తుతమనిపించిన మాట ఒకటి చెప్పండి. దానికి తగిన చోటు ఏది?