కొత్త ఫ్లాటు ఇల్లు అయ్యేదెప్పుడు? పంచ మహాయజ్ఞాలు చెప్పే పాఠం

మొన్నటి వీడియోలో అద్దె ఇంటికైనా, సొంత ఫ్లాటుకైనా పాలు ఎలా పొంగించాలో చెప్పుకున్నాం. పాలు పొంగాయి, పరమాన్నం తిన్నాం, చుట్టాలు వెళ్ళిపోయారు. మరి మర్నాటి నుంచి ఏం చెయ్యాలి? ఈ రోజు పాఠం దాని గురించే.

మనుస్మృతి మూడో అధ్యాయంలో గృహస్థుకి పంచసూనలు చెప్పారు. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీటికుండ. సూన అంటే ప్రాణహింస జరిగే చోటు. పొయ్యి వెలిగించినా, ఇల్లు ఊడ్చినా మనకి తెలియకుండానే ఏ చీమకో పురుగుకో హాని జరుగుతుంది. అంటే, బతకడం మొదలుపెట్టగానే మనం బాకీ పడుతున్నాం. ఆ బాకీ తీర్చుకోవడానికి రోజూ చేసేవే బ్రహ్మ, పితృ, దేవ, భూత, మనుష్య యజ్ఞాలు.

మా ఫ్లాటు హైదరాబాదులో, మియాపూర్ వైపు, పదకొండో అంతస్తు. తిరగలి, రోలు పోయి మిక్సీ వచ్చింది. కుండ పోయి ఫిల్టర్ వచ్చింది. రూపం మారింది కానీ బాకీ పోలేదండీ. నీళ్ళనే చూడండి. నాగార్జునసాగర్ నుంచి కృష్ణమ్మ, ఎల్లంపల్లి నుంచి గోదారమ్మ వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిచి ఈ నగరానికి వస్తున్నారు. కుళాయి తిప్పేటప్పుడు ఒక్కసారి తలుచుకోవద్దూ!

ఈ పాఠం నాకు పుస్తకం కంటే మా అమ్మ వల్ల బాగా అర్థమైంది. నాన్నగారు పోయాక అమ్మ కోనసీమలో ఒక్కతే ఉండేది. ఒక రాత్రి జారి పడితే తెల్లారేదాకా ఎవరికీ తెలియలేదు. అందుకే ఇక్కడికి తీసుకొచ్చాం. ఇరవై రోజులైనా పెట్టెలోంచి చీరలు తియ్యలేదు. అన్నం రెండు ముద్దలు తిని లేచిపోయేది. "తలుపు తీస్తే ఎదురుగా ఇంకో తలుపే కనిపిస్తోందే, మనిషి కనపడడు. నన్ను పంపించెయ్" అనేది. పంపించలేను, ఇలా చూస్తూ ఉండలేను. అప్పుడు ఈ అయిదింటినీ ఒక్కొక్కటిగా మొదలుపెట్టాం.

దేవయజ్ఞం: ఈశాన్యంలో పూజగది కుదిరితే మంచిదే. కుదరకపోతే దిగులు వద్దు. శుభ్రమైన అర ఒకటి చాలు, దీపం, కాస్త నైవేద్యం. కర్టెన్‌కి, గ్యాస్ బండకి దూరంగా పెట్టండి. దీపం వెలుగుతుండగా ఇల్లు తాళం వేసి వెళ్ళకండి. హోమం చేయిస్తే అసోసియేషన్ వాళ్ళకి ముందే చెప్పండి, పొగకి అలారం మోగుతుంది.

పితృయజ్ఞం: తర్పణాలు మా అన్నయ్య చూసుకుంటాడు. కానీ అమ్మకి రోజూ కాకికి ముద్ద పెట్టడం అలవాటు. మా బాల్కనీకి పావురాల వల ఉంది. వాచ్‌మన్‌ని అడిగి మేడ మీద, ట్యాంకు పక్కన అరటాకు ముక్కలో పెట్టడం మొదలుపెట్టాం. మూడు రోజులు ఏదీ వాలలేదు. నాలుగో రోజు కాకి వచ్చింది. ఆ పూట అమ్మ పెరుగన్నం మళ్ళీ వడ్డించుకుంది.

భూతయజ్ఞం: బాల్కనీలో పావురాలకి గింజలు గుట్టగా పొయ్యకండి. వాటి రెట్ట ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు, కింది వాళ్ళతో తగవు కూడా. ఎండాకాలం మట్టి మూకుడులో నీళ్ళు పెట్టండి, రోజూ మార్చండి. మిగిలిన అన్నం ప్లాస్టిక్ కవర్లో ముడివేసి పారెయ్యకండి, ఆవు కవర్‌తో సహా తినేస్తుంది. తడి చెత్త విడిగా ఇవ్వండి. దాన్ని చేత్తో ఏరే మనిషికి కష్టం తప్పుతుంది.

బ్రహ్మయజ్ఞం: అంటే అధ్యయనం. సాయంత్రం టీవీ కట్టేసి, అమ్మ మా అబ్బాయికి రోజుకొక పోతన పద్యం చెప్తోంది. పావుగంట చాలు.

మనుష్యయజ్ఞం: అతిథిని ఆదరించడం. ఫ్లాట్లలో కష్టమైనది ఇదే, ఎందుకంటే ఎవరూ రారు. కనుక మనమే వెళ్ళాలి. అమ్మ ఒక శుక్రవారం పులిహోర చేసి, మా అంతస్తులో నాలుగు ఇళ్ళకీ తనే పట్టుకెళ్ళింది. ఒకరు తలుపు తియ్యలేదు. ఎదురింట్లో ఒడియా వాళ్ళ అమ్మగారు ఉన్నారు, ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి హిందీ రాదు. అయినా ఇద్దరూ ఇప్పుడు సాయంత్రాలు కింద బల్ల మీద కూర్చుంటున్నారు. కారిడార్ తుడిచే అమ్మాయిని పేరు పెట్టి పిలిచేది మా అంతస్తులో అమ్మ ఒక్కతే. ఆ అమ్మాయి మా గుమ్మం ముందు ముగ్గు చెరపకుండా తుడుస్తుంది.

అంతా సర్దుకుందని చెప్పను. పెట్టెలో సగం చీరలు అలాగే ఉన్నాయి. సంక్రాంతికి ఊరెళ్ళి, ఆ తర్వాత చెప్తానంది. కానీ ఇప్పుడు ఫోన్లో "మా ఇంటికి రండి" అని తన చెల్లెలిని పిలుస్తోంది. ఇదివరకు "అమ్మాయి ఫ్లాటు" అనేది.

ఈ వారం మీకు చిన్న అభ్యాసం. అయిదింటిలో మీ ఇంట్లో ఏది జరగడం లేదో చూసుకోండి. అన్నీ ఒకేసారి వద్దు, ఒక్కటే మొదలుపెట్టి ఏడు రోజులు తప్పకుండా చెయ్యండి. ఏది ముందో తెలియకపోతే ఎదురింటి తలుపు తట్టండి. శుభం.