రెండు కోర్టులు, ఒక దుబాసీ

డాలస్ చుట్టుపక్కల కోర్టుల్లో ఇరవై రెండేళ్లు తెలుగు దుబాసీగా పనిచేశాను. మొదట్లో నెలకో పిలుపు వచ్చేది. ఇర్వింగ్, ఫ్రిస్కో మనవాళ్లతో నిండాక వారానికి మూడు. బీటెక్‌లు, ఎమ్మెస్‌లు చదివినవాళ్లకి దుబాసీ ఎందుకని అడుగుతారు. ఆఫీసు మీటింగులో ఇంగ్లీషు వేరు, జడ్జి ముందు నిలబడి కాళ్లు వణుకుతున్నప్పుడు ఇంగ్లీషు వేరు.

దుబాసీకి ఒకటే ధర్మం. విన్నది విన్నట్టు మార్చి చెప్పాలి, సలహా ఇవ్వకూడదు. ఎదుటివాడు గోతిలో అడుగు పెడుతున్నాడని తెలిసినా నోరు మెదపకూడదు. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి ఆ బాకీ తీర్చుకుంటున్నాను. నేను లాయర్ని కాను, ఆ సంగతి మాత్రం మరిచిపోకండి.

1. కోర్టు కొట్టేసిన కేసు బతికే ఉంటుంది

ఓ సోమవారం ఉదయం. పాతికేళ్ల కుర్రాడు, ఇస్త్రీ మడత నలగని చొక్కా. ఏదో స్టోర్లో ఎనిమిది వందల డాలర్ల సామాను బిల్లు వేయించకుండా తెస్తూ దొరికాడు. లాయరు చెప్పాడు: "డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇస్తామంటున్నారు. నేరం ఒప్పుకుంటావు, ఏడాది ప్రొబేషన్. అది సాఫీగా గడిస్తే జడ్జి కేసు కొట్టేస్తారు. టెక్సస్ లెక్కలో నీకు కన్విక్షన్ ఉండదు." అందులో ఒక్క మాట అబద్ధం లేదు. అన్నీ తెలుగులో చెప్పాను. కుర్రాడు హమ్మయ్య అనుకుని సంతకం పెట్టాడు.

కానీ ఇమిగ్రేషన్ చట్టానికి 1996 నుంచి సొంత నిఘంటువు ఉంది. నేరం ఒప్పుకుని, దాని మీద జడ్జి ఏదో ఒక శిక్షో ఆంక్షో వేస్తే చాలు, ఆ చట్టం దృష్టిలో అది కన్విక్షనే. తర్వాత కొట్టేసినా అంతే, రికార్డు సీలు చేసినా అంతే. జైలు శిక్ష వేసి దాన్ని సస్పెండ్ చేశారనుకోండి, మనిషి ఒక్క రాత్రి కూడా లోపల పడుకోకపోయినా ఆ కాలమంతా లెక్కలోకి వస్తుంది. అసలు తీర్పులోనే చట్టపరమైన లోపం ఉందని కోర్టు రద్దు చేస్తే అది వేరు. "ప్రొబేషన్ బాగా పూర్తిచేశాడు, పాపం" అని రద్దు చేస్తే ఇమిగ్రేషన్‌లో పనికిరాదు.

అదే సంతకంతో ఆ కుర్రాడు ఒక కోర్టులో బయటపడ్డాడు, ఇంకో కోర్టులో నేరస్థుడయ్యాడు. రెండో కోర్టు సంగతి వాడికి అప్పటికింకా తెలియదు.

2. పేరు చూసి నేరం బరువు తూచొద్దు

"అగ్రవేటెడ్ ఫెలొనీ" అనే మాట ఇమిగ్రేషన్ చట్టంలోకి 1988లో వచ్చింది. అప్పుడు అందులో ఉన్నవి హత్య, మాదకద్రవ్యాల వ్యాపారం, ఆయుధాల వ్యాపారం. 1996లో ఆ సంచీ నోరు బాగా వెడల్పు చేశారు. దొంగతనానికి ఏడాది శిక్ష పడితే అందులోకే. పదివేల డాలర్లు దాటిన మోసం అందులోకే. రాష్ట్ర చట్టం ప్రకారం అది ఫెలొనీ, అంటే పెద్ద నేరం, కానక్కర్లేదు; మిస్‌డిమీనర్ అనే చిన్న నేరం కూడా ఈ సంచీలో పడుతుంది. పడినవాడికి గ్రీన్‌కార్డు ఉన్నా, ఎన్నేళ్లనుంచి ఉంటున్నా, పిల్లలు ఇక్కడే పుట్టినా, జడ్జి జాలి చూపించే దారి దాదాపు మూసుకుపోతుంది.

ఏడాది అంటే 365 రోజులు. అందుకే కాలిఫోర్నియా, వాషింగ్టన్, న్యూయార్క్ రాష్ట్రాలు మిస్‌డిమీనర్‌కి గరిష్ఠ శిక్షను 364 రోజులకు దించాయి. ఆ ఒక్క రోజు కోసం చట్టసభలు కూర్చుని ఓట్లు వేశాయంటే దాని విలువ చూడండి. మా టెక్సస్‌లో క్లాస్ ఏ మిస్‌డిమీనర్‌కి ఇంకా నిండు ఏడాదే.

3. దొంగతనం చిన్నదైనా మచ్చ చిన్నది కాదు

చట్టంలో "నైతిక పతనం" కిందికొచ్చే నేరాలని ఒక జాతి ఉంది. దొంగతనం, మోసం అందులోవే. దేశంలోకి ప్రవేశించిన ఐదేళ్లలోపు అలాంటిది ఒక్కటి చేసి, దానికి ఏడాది శిక్ష వేసే వీలుంటే డిపోర్టేషన్‌కి సరిపోతుంది. ఎంత వేశారని కాదు, ఎంత వేయగలరని చూస్తారు. టెక్సస్‌లో సరుకు విలువ 750 డాలర్లు చేరితే క్లాస్ ఏ. ఇందాకటి కుర్రాడి ఎనిమిది వందలు ఎక్కడ పడ్డాయో ఇప్పుడు అర్థమైందా? వేర్వేరు సందర్భాల్లో రెండు చేస్తే ఐదేళ్ల గడువు కూడా లేదు, శిక్ష కొలతా లేదు.

4. పోలీసులు గడప తొక్కాక ఆ గొడవ మీ ఇంటిది కాదు

ఓ అత్తగారికి దుబాసీగా వెళ్లాను. కొడుకు కోడలి చెయ్యి మెలిపెట్టాడు, పక్కింటివాళ్లు 911కి ఫోన్ చేశారు. ఆవిడ విజిటర్ వీసా మీద వచ్చిన మనిషి. ప్రాసిక్యూటర్ ముందు కూర్చుని ఒకటే మాట: "మా అమ్మాయి రాజీకి ఒప్పుకుందండీ. కాగితం రాసిస్తాం, మూసేయండి." అనువదించాను. అవతలావిడ మర్యాదగానే చెప్పింది, కేసు కోడలు పెట్టింది కాదు, టెక్సస్ రాష్ట్రం పెట్టింది అని. అత్తగారు నా వైపు తిరిగి, "ఊళ్లో అయితే పెద్దమనుషులు కూర్చోబెట్టేవాళ్లు కదయ్యా" అంది. అదీ అనువదించాను.

పెద్దమనుషులు కూర్చోబెట్టి ఎన్ని చేతుల నొప్పి మూసిపెట్టారో నాకు తెలుసు, కాబట్టి ఆ మాటకి నేనేమీ కరిగిపోలేదు. కానీ కొడుకు చేసిన రెండో పని చూడండి. ఇంటికి వెళ్లొద్దని కోర్టు ప్రొటెక్టివ్ ఆర్డర్ ఇచ్చింది. సోమవారం పని ఉందని ఆఫీసు ల్యాప్‌టాప్ కోసం ఆదివారం రాత్రి వెళ్లాడు. గృహహింస డిపోర్టేషన్‌కి ఒక కారణమైతే, ఆ ఆర్డర్ మీరడం విడిగా ఇంకో కారణం కాగలదు. దానికి కన్విక్షన్ కూడా అక్కర్లేదు, మీరాడని కోర్టు తేల్చితే చాలు.

5. గంజాయి ఒక రాష్ట్రంలో సరుకు, దేశానికి నేరం

కొలరాడో వెళ్లినవాడు అక్కడి దుకాణంలో రసీదుతో సహా ఒక వేప్ కార్ట్రిడ్జ్ కొన్నాడు. బొటనవేలంత గాజు గొట్టం, అందులో తేనెరంగు నూనె. కారు కప్‌హోల్డర్లో పెట్టుకుని టెక్సస్‌కి వచ్చాడు. ఇక్కడ ఆ నూనె గ్రాములోపున్నా ఫెలొనీ. రసీదు చూపించాడు, పాపం.

ఫెడరల్ చట్టంలో గంజాయి ఇప్పటికీ నిషిద్ధమే, ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద. సొంత వాడకానికి 30 గ్రాములో, అంతకంటే తక్కువో ఒకేసారి దొరికితే డిపోర్టేషన్ కారణాల్లో ఒక మినహాయింపు ఉంది. అయితే అందులో ఒక మెలిక, చాలామంది చదువుకున్నవాళ్లకే తెలియదు. ఆ మినహాయింపు దేశంలో ఉన్నంతసేపే. ఆ పాత కేసున్న గ్రీన్‌కార్డు మనిషి మేనకోడలి పెళ్లికి విజయవాడ వెళ్లి తిరిగొస్తే, ఎయిర్‌పోర్టులో అతన్ని కొత్తగా ప్రవేశం అడుగుతున్నవాడిలా చూడొచ్చు. ప్రవేశం నిరాకరించే కారణాల్లో ఆ 30 గ్రాముల మినహాయింపు లేదు. వేరే మాఫీ అడుక్కోవాలి. పదిహేనేళ్ల కిందటి కేసు తలంబ్రాల బియ్యంతో పాటు సూట్‌కేసులో తిరిగొచ్చినట్టే.

6. తాగి నడిపితే

మామూలు డ్రంకెన్ డ్రైవింగ్ ఒక్కటే అయితే డిపోర్టేషన్ కారణం కాదనే చెప్పాలి. 2004లో సుప్రీంకోర్టు కూడా దాన్ని హింసాత్మక నేరంగా లెక్కించలేదు. కానీ 2015 నుంచి అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే కాన్సులేట్ వీసా రద్దుచేస్తూ ఈమెయిల్ పంపడం మొదలైంది. లోపలున్నవాడి స్టేటస్ వెంటనే పోదు. ఇండియా వెళ్తేనే కథ: మళ్లీ స్టాంపింగ్, వాళ్లు నియమించిన డాక్టర్ దగ్గర పరీక్ష. ఊబర్‌కి పాతిక డాలర్లు.

7. ఇమిగ్రేషన్ కోర్టులో మీ లాయర్ ఫీజు మీదే

దేశబహిష్కారం శిక్ష కాదని అమెరికా సుప్రీంకోర్టు 1893లోనే తేల్చింది. ఒక చైనా మనిషి కేసది. శిక్ష కాదు కాబట్టి ప్రభుత్వ ఖర్చుతో లాయర్ ఇవ్వరు. నలభై ఏళ్ల ఇల్లూ వాకిలీ ఊడిపోతుంటే అది శిక్ష కాదట! ఈ మాట తెలుగులో చెప్పేటప్పుడు ప్రతిసారీ నా నాలుక తడబడింది.

2010లో పడీయా కేసు వచ్చింది. హోండురాస్‌లో పుట్టి, వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసి, నలభై ఏళ్లు చట్టప్రకారం ఉన్న లారీ డ్రైవరు. గంజాయి కేసులో, "ఇన్నేళ్లుగా ఉన్నావు, నీకేం భయం లేదు" అని లాయరు భరోసా ఇస్తే నేరం ఒప్పుకున్నాడు. తీరా డిపోర్టేషన్ తప్పనిసరి అయ్యే కేసది. నేరం ఒప్పుకునే ముందు ఆ ముప్పు గురించి చెప్పడం లాయర్ బాధ్యతేనని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ 2013లో అదే కోర్టు, ఈ తీర్పు పాత కేసులకు వర్తించదంది. క్రిమినల్ లాయర్లందరికీ ఇమిగ్రేషన్ రాదు. ఇద్దరినీ ఒకే ఫోన్ కాల్లో కూర్చోబెట్టండి, సంతకానికి ముందు.

8. సిటిజన్‌షిప్ కాగితం వాయిదా వేయొద్దు

పై ముప్పులన్నీ సిటిజన్ కానివాళ్లకే. మనవాళ్లది ప్రత్యేక దురదృష్టం. ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి వల్ల గ్రీన్‌కార్డు క్యూలోనే సగం వయసు గడిచిపోతుంది. అది వచ్చాక మరో ఐదేళ్లు. ఆ ఐదూ గడిచాక కూడా "ఊళ్లో పొలం సంగతి తేలాక చూద్దాం" అని కూర్చునే తండ్రుల్ని చూశాను. గ్రీన్‌కార్డున్న పిల్లవాడికి పద్దెనిమిది నిండేలోపు తల్లో తండ్రో సిటిజన్ అయితే, వాళ్ల దగ్గరే పెరుగుతున్న పిల్లవాడికి అది దానంతటదే వస్తుంది. పద్దెనిమిది దాటితే వాడి గొడవ వాడిది. రెండేళ్లప్పుడు వచ్చి, తెలుగు కూడా సరిగా రానివాడికి హైదరాబాద్ టికెట్ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

9. దుబాసీతో చెప్పిన మాట జడ్జితో చెప్పినట్టే

నా ఆఖరి ఏడాది. ఇరవైమూడేళ్ల స్టూడెంటు, మళ్లీ దొంగతనం, మళ్లీ డిఫర్డ్. కాగితం ముందు పెట్టారు. కలం పట్టుకుని వాడు నా వైపు వంగి మెల్లగా అడిగాడు: "ఇది పెడితే కేసు పోయినట్టేగా అంకుల్?"

కోర్టులో కక్షిదారు నోటినుంచి వచ్చిన ప్రతి మాటా అనువదించాలి. అదే నా ధర్మం. నిటారుగా నిలబడి, హాలంతా వినబడేలా ఇంగ్లీషులో చెప్పాను, "అంకుల్"తో సహా. జడ్జి కళ్లజోడు తీశారు. లాయర్ని అడిగారు, మీ క్లయింటు ఈ దేశ పౌరుడేనా, కాకపోతే ఇమిగ్రేషన్ సంగతి మాట్లాడారా అని. లాయరు ఫైలు తిరగేశాడు. కేసు రెండు వారాలు వాయిదా.

కారిడార్లో కుర్రాడు మండిపడ్డాడు. "నేను మీతో అన్నాను, ఆయనతో కాదు. ఈరోజుతో అయిపోయేది. క్లాసు కూడా ఎగ్గొట్టి వచ్చాను."

"నాతో అన్నా ఆయనతో అన్నట్టే నాయనా" అన్నాను. వాడు లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగిపోయాడు. అవతల కిటికీ దగ్గర వాడి లాయరు, ఒక చెవి మూసుకుని, ఎవరో ఇమిగ్రేషన్ అటార్నీకి కేసు నంబరు చదివి వినిపిస్తున్నాడు.