తలుపు పక్కన ఒక గుర్తు



కొన్నేళ్ల క్రితం అరకు కొండల నుండి ఒక పాప జ్వరంతో, మూత్రంలో మంటతో మా వార్డులో చేరింది. ఆమెకు చూపు బాగా తక్కువ. బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి ఏదో పోల్చుకోలేక, వేరే తలుపు తీస్తే అందరూ నవ్వుతారని భయపడి, పగలంతా నీళ్లే తాగడం లేదట. మందులతో జ్వరం తగ్గింది. కాని అసలు కావలసినది ఆ తలుపు పక్కన ఒక గుర్తు.

చూపు తక్కువైన బిడ్డను ముందు కంటి డాక్టరుకు చూపించండి. కొందరికి అద్దాలతో, కొందరికి శుక్లం ఆపరేషనుతో చూపు మెరుగవుతుంది. అలా కాకపోయినా బడి మాన్పించకండి. చూపు లోపమున్న పిల్లల్లో చాలామందికి ఎంతో కొంత చూపు మిగిలి ఉంటుంది. చేతి స్పర్శ ఎలాగూ ఉంది. గుర్తులు ఈ రెంటికీ పని చెబుతాయి.

గుర్తులు ఎలా పెట్టాలి?

1. తరగతి గది, మరుగుదొడ్డి, మంచినీళ్ల చోటు, పుస్తకాల అర, బిడ్డ కూర్చునే బల్ల - వీటికి ముందు పెట్టాలి. ఆశ్రమ పాఠశాలలో అయితే మంచానికి, పెట్టెకు కూడా.

2. కొంత చూపున్న బిడ్డకు పసుపు అట్టపై నల్లని, లావుపాటి పెద్ద అక్షరాలు రాయండి. మెరిసే కాగితం వద్దు. వెలుతురు పడితే అక్షరం కనబడదు.

3. చూపు లేని బిడ్డకు తడిమితే తెలిసే గుర్తు కావాలి. గోనె ముక్క, కొబ్బరి తాడు, బొత్తాం - ఒక్కో చోటికి ఒక్కొక్కటి అంటించండి. గురివింద గింజలు మాత్రం వాడకండి, నమిలితే విషం. బ్రెయిలీ నేర్చిన బిడ్డకు బ్రెయిలీలోనే పేరు రాయించండి. చిన్నతనంలోనే చూపు పోయిన లూయీ బ్రెయిల్ 1824లో, పదిహేనేళ్ల వయసులో రూపొందించిన ఈ ఆరు చుక్కల లిపిలో తెలుగు కూడా రాయవచ్చు.

4. గుర్తును తలుపు మీద కాక, గడియ వైపు గోడకు, బిడ్డ చేతికి అందే ఎత్తులో పెట్టండి. తలుపు హఠాత్తుగా తెరిచినా దెబ్బ తగలదు. అన్ని గదులకూ ఒకే ఎత్తు ఉండాలి.

5. కొన్నాళ్లు బిడ్డ చేయి పట్టుకుని ప్రతి గుర్తునూ తడిమించండి. ఇంట్లో కువి మాట్లాడితే కువిలో, ఆదివాసీ ఒడియా అయితే అందులోనే చెప్పండి. వస్తువు చోటు మారిస్తే బిడ్డకు ముందే చెప్పాలి.

ఇది టీచరుగారిని బతిమాలి అడిగే సాయం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలలు ఇటువంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి, వసతులు వారికి అందుబాటులో ఉంచాలి. లోపం 40 శాతం, ఆపైన ఉన్నవారికి 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. కాబట్టి మర్యాదగా, ధైర్యంగా అడగండి. అట్ట, గోనె ముక్క మీరే తీసుకువెళ్లండి.

ఆ పాప బడిలో గోడకు గోనె ముక్క అంటించారు. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆమె అన్న మొదటి మాట: "సిస్టరమ్మా, ఇప్పుడు నేనే వెళ్లి వస్తున్నాను. నీళ్లు కూడా తాగుతున్నాను."