కథ ఎవరిదో ముందు తేల్చుకో

బాన్సువాడ

చిరంజీవి బిడ్డకు,

నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలారు. మన వైపు నాట్లు ముమ్మరంగా సాగుతున్నాయి. మీ నాన్నకు పొలం పనుల్లో ఊపిరి సలపడం లేదు. నీ ఉత్తరానికి జవాబు నేను రాస్తున్నాను.

'సూపర్‌మ్యాన్/బ్యాట్‌మ్యాన్: పబ్లిక్ ఎనిమీస్' చూసి సంబరపడ్డానని, దాని వెనక వచ్చిన 'సూపర్‌మ్యాన్/బ్యాట్‌మ్యాన్: అపోకలిప్స్' చూసి ఉసూరుమన్నానని రాశావు. "అదే ఇద్దరు వీరులు, అదే సంస్థ, అదే రచయిత పుస్తకం. మరి రెండోది ఎందుకు తేలిపోయింది తాతా?" అని అడిగావు. బాగాలేదని చెప్పి లేచిపోయే హక్కు ప్రేక్షకులకు ఉంది. మాసబ్ ట్యాంక్‌లో యానిమేషన్ చదువుతూ రేపు ఆ పనే చేయబోతున్న నీకు అది చాలదు. ఎక్కడ జారిందో వేలుపెట్టి చూపించగలగాలి. రెండు పుస్తకాలూ రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నెమ్మదిగా చదువు.

ముందు వివరాలు సరిచూసుకుందాం. 2003లో డీసీ కామిక్స్ వాళ్లు సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ ఇద్దరినీ కలిపి ఒక పత్రిక మొదలుపెట్టారు. రచయిత జెఫ్ లోబ్. మొదటి ఆరు సంచికల కథ 'పబ్లిక్ ఎనిమీస్'. బొమ్మలు ఎడ్ మెక్‌గిన్నిస్‌వి. ఎనిమిదో సంచిక నుంచి పదమూడో సంచిక దాకా 2004లో వచ్చిన కథ 'ద సూపర్‌గర్ల్ ఫ్రమ్ క్రిప్టాన్'. దీనికి బొమ్మలు వేసింది మైకేల్ టర్నర్. మొదటి కథ 2009 సెప్టెంబరులో శామ్ లియు దర్శకత్వంలో 67 నిమిషాల సినిమాగా వచ్చింది. రెండోది 2010 సెప్టెంబరులో లారెన్ మాంట్‌గోమరీ దర్శకత్వంలో, టాబ్ మర్ఫీ రాతతో 78 నిమిషాల సినిమా అయింది. రెండూ థియేటర్లకు వెళ్లలేదు, నేరుగా డిస్కుల మీద వచ్చాయి.

మొదటిది ఎందుకు నిలబడిందో తెలిస్తే రెండోదాని లోపం దానంతట అదే బయటపడుతుంది. మొదటి సినిమాలో సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్ అమెరికా అధ్యక్షుడయ్యాడు. భూమి మీదికి క్రిప్టోనైట్ ఉల్క దూసుకొస్తోంది. లూథర్ సూపర్‌మ్యాన్ తలకు వంద కోట్ల డాలర్ల వెల కట్టాడు. నిన్నటిదాకా తోటివాళ్లయిన వీరులు కూడా మీదికొస్తున్నారు. వెంట నిలబడింది బ్యాట్‌మ్యాన్ ఒక్కడే. ఎన్ని పోట్లాటలు వచ్చినా, ఎంతమంది కొత్తవాళ్లు వచ్చిపోయినా, కథ ఆ ఇద్దరి స్నేహాన్ని విడిచిపెట్టదు. చివర ఉల్కను పగలగొట్టడానికి బ్యాట్‌మ్యాన్ రాకెట్‌లో ఒంటరిగా వెళ్తాడు. స్నేహితుడు చనిపోయాడనుకున్న సూపర్‌మ్యాన్ కోపం మనకు ఎక్కడా అతిగా అనిపించదు. గంట సేపు మనం చూసింది ఆ స్నేహమే. సినిమా పేరులో ఎవరున్నారో కథ కూడా వాళ్లదే.

రెండో కథ అటువంటిది కాదు. గోథమ్ రేవులో ఆకాశం నుంచి ఏదో పడుతుంది. నీళ్లలోంచి ఒక అమ్మాయి బయటికొస్తుంది. ఆమె మాట అక్కడ ఎవరికీ అర్థం కాదు. పేరు కారా, సూపర్‌మ్యాన్‌కు బాబాయి కూతురు. పుట్టిన లోకం పోయింది. ఈ లోకం తెలియదు. ఒంట్లో ఉన్న బలం ఎంతో తనకే తెలియదు. అన్న ఆమెను ఇంటికి తీసుకుపోదామంటాడు. బ్యాట్‌మ్యాన్ అనుమానిస్తాడు. వండర్ వుమన్ తన ద్వీపానికి తీసుకుపోయి విద్య నేర్పిస్తానంటుంది. అవతల అపోకొలిప్స్ గ్రహాన్ని ఏలే డార్క్‌సైడ్ ఆమెను తన సేనకు నాయకురాలిగా చేసుకోవాలని చూస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లందరూ ఆమె భవిష్యత్తు గురించి మాట్లాడేవాళ్లే. ఆమెను నీకేం కావాలని అడిగేవాళ్లు లేరు. ఎంత చక్కని కథా వస్తువు బిడ్డా ఇది! ఊరు వదిలి కొత్త చోటికి చదువుకు పోయిన ఏ ఆడపిల్లకైనా ఇది సొంత కథలా తాకాలి.

పుస్తకం అట్ట మీద ఆ అమ్మాయి ఉంది. సినిమా పేరులో లేదు. అక్కడ ఇద్దరు మగవీరులూ, ఒక ప్రళయమూ మిగిలారు. అట్ట మీద పేరు అమ్మకం కోసం పెట్టేదే కావచ్చు, కానీ ఈ సినిమాలో ఆ తడబాటు లోపలిదాకా పోయింది. మొదటి సగం కారా వెంట నడుస్తుంది. డార్క్‌సైడ్ ఆమెను ఎత్తుకుపోయాక కథ ఆమెను వదిలేసి, ఆమె కోసం బయలుదేరినవాళ్ల వెంట పడుతుంది. ఆ తర్వాత ఆమె నల్లని దుస్తుల్లో డార్క్‌సైడ్ పక్షాన నిలబడి అన్న మీదికే చెయ్యెత్తుతుంది. మనసు ఎట్లా విరిగింది? ఏ మాటకు లొంగింది? ఏ ఒంటరితనాన్ని ఆ ముసలి రాక్షసుడు పసిగట్టాడు? ఆ నడిమి ప్రయాణం తెర మీద దాదాపు లేదు. పుస్తకంలోనూ ఆ మార్పు గబగబా జరిగిపోతుంది. మూలంలో పలచగా ఉన్నచోటే అనుసరణ చేసేవాళ్లకు పని ఉంటుంది. మెట్రోపాలిస్‌లో బట్టల దుకాణాలు తిరిగే భాగానికి దొరికిన నిమిషాలు ఇక్కడ ఖర్చు పెట్టి ఉంటే సినిమా వేరే ఎత్తులో ఉండేది.

ఇంకొక కారణం పుస్తకం బయట ఉంది. సూపర్‌గర్ల్‌గా పేరున్న ఈ కారా మొదట కనిపించింది 1959లో. 1985లో 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ అర్త్స్' కథలో చనిపోయింది. 2004లో టర్నర్ బొమ్మల్లో నీళ్లలోంచి లేచిన అమ్మాయిని చూసినప్పుడు పాఠకుల గుండెల్లో పందొమ్మిదేళ్ల ఎదురుచూపు ఉంది. ఈమె నిజంగా ఆ కారాయేనా అన్న బ్యాట్‌మ్యాన్ అనుమానం వాళ్ల అనుమానం కూడా. సినిమాకు వచ్చినవాళ్లలో చాలామందికి ఆ చరిత్ర తెలియదు. పాఠకుడు తన జ్ఞాపకంతో నింపుకున్న చోటును సినిమా కొత్త సన్నివేశంతో నింపాలి. నింపకపోతే అది ఖాళీగానే కనిపిస్తుంది. ఏ పుస్తకం చేతికొచ్చినా ఈ ప్రశ్న వేసుకో: ఇందులో పేజీ మీద ఉన్నదెంత, చదివేవాళ్ల మనసులో ముందే ఉన్నదెంత?

ఇక గొంతు సంగతి. లోబ్ రాతలో ఒక ప్రత్యేకత ఉంది. ఒకే సంఘటన మీద సూపర్‌మ్యాన్ ఏమనుకుంటున్నాడో, బ్యాట్‌మ్యాన్ ఏమనుకుంటున్నాడో రెండు రంగుల పెట్టెల్లో పక్కపక్కన రాస్తాడు. బుర్రకథలో వంతలిద్దరూ అటొకరు ఇటొకరు నిలబడి, ఒకరు హాస్యంగా, ఒకరు లోకం పోకడ చెబుతూ కథను నడిపించినట్టు, ఈ రెండు పెట్టెలూ ఆ పుస్తకాన్ని నడిపిస్తాయి. రెండు సినిమాలూ ఈ పెట్టెలను తీసేశాయి. తీసేయడం తప్పు కాదు. తెర మీద ఆగకుండా మనసులో మాట వినిపిస్తుంటే విసుగొస్తుంది. మొదటి సినిమా ఆ పెట్టెల బదులు ఇద్దరి మధ్య ఎత్తిపొడుపు మాటలు పెట్టుకుంది, స్నేహం అందులోంచి పలికింది. రెండో సినిమాలో ఇద్దరూ ఎక్కువసేపు విడివిడిగా ఉంటారు. పెట్టెలు పోయాయి, వాటి బదులు ఏదీ రాలేదు. కారా తన లోపలి మాట చెప్పే గొంతుగా ఆ స్థానం తీసుకుని ఉండొచ్చు. ఆ అవకాశం చేజారింది.

బొమ్మ దగ్గరికి వద్దాం, ఇది నీ చేతిపని కాబట్టి. మెక్‌గిన్నిస్ బొమ్మ బలమైన గుండ్రని ఆకారాలతో ఉంటుంది. భుజాలు పెద్దవి, గీతలు తక్కువ. దాన్ని కదిలించడం తేలిక. మన హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వాళ్ల చోటా భీమ్‌ను గమనించు. 2008 నుంచి ఆ పిల్లవాడు అన్నేసి ఎపిసోడ్లు పరిగెత్తగలిగాడంటే, ఏ చిత్రకారుడి చేతిలోనైనా చెదరని ఆకారం అతనిది కావడం ఒక కారణం. టర్నర్ బొమ్మ ఇందుకు పూర్తిగా భిన్నం. పొడవైన కాళ్లూ చేతులూ, ఎగిరే జుట్టు, సన్నని గీతల నీడలు. ఆ అందమంతా గీతల్లోనే ఉంది. కాగితం మీద ఒక్కసారి గీస్తే చాలు. సినిమాలో అది కుదరదు. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల చొప్పున వాడినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. 78 నిమిషాలకు ఒక పాత్ర ఆగకుండా కదిలితే 56,160 బొమ్మలు. ముఖం మీద నువ్వు ముచ్చటపడి ఉంచిన ఒక్క గీతను అన్నిసార్లు గీయాలి. అందుకే టర్నర్ నీడలన్నీ పోయి, ఆయన కొలతలు మాత్రం మిగిలాయి: పెద్ద కళ్లు, సన్నని నడుము, పొడవైన అవయవాలు. నీడలు లేని ఆ కొలతలు బొమ్మల దుకాణంలో బొమ్మల్లా బిగుసుకున్నాయి. టర్నర్ 2008 జూన్‌లో 37 ఏళ్లకే కన్నుమూశాడు. ఆయన మీది గౌరవంతో ఆ పోలికలు ఉంచారనుకున్నా, ఒక చిత్రకారుడి గీతను కదిలే బొమ్మగా మార్చేటప్పుడు అతని కొలతల కంటే అతని చూపును పట్టుకోవడమే ఎక్కువ గౌరవం. టర్నర్ ఆ అమ్మాయిని నీళ్లలో, వెలుగులో, ఒంటరిగా చూశాడు. సినిమాకు కావలసింది ఆ చూపే.

న్యాయంగా మాట్లాడాలంటే సినిమా మెరుగుపరిచినవీ చెప్పాలి. పుస్తకం చివర డార్క్‌సైడ్ విసిరిన కిరణాలకు కారా అడ్డుపడి చనిపోయినట్టు కనిపిస్తుంది. అన్న పగతో ఆ రాక్షసుణ్ణి ఓడిస్తాడు. ఆమె బతికే ఉందని ఆ తర్వాత తెలుస్తుంది. అంటే కథ తేలేవేళ ఆమె పక్కకు తప్పుకుంది. సినిమాలో స్మాల్‌విల్ పొలంలో డార్క్‌సైడ్‌తో నేరుగా తలపడేది కారాయే. అతను వెళ్లే ద్వారం గమ్యాన్ని మార్చేసి, అతణ్ణి అంతరిక్షంలోకి పంపేది ఆమె తెలివే. మూలం కంటే మేలైన ముగింపు ఇది. లారెన్ మాంట్‌గోమరీ పనితనం మీద నాకెంత మాత్రం అనుమానం లేదు. అంతకు ముందు సంవత్సరమే ఆమె 'వండర్ వుమన్' తీసింది, 2011లో శామ్ లియుతో కలిసి 'బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్' తీసింది. పోరాటాల్లో దెబ్బ బరువు తెలుస్తుంది. డార్క్‌సైడ్‌కు ఆండ్రే బ్రాగర్ గొంతు కూడా అరవకుండా తగ్గు స్థాయిలోనే భయపెడుతుంది. అయినా ఆ మంచి ముగింపు మనకు అందవలసినంత అందదు. అపోకొలిప్స్‌లో బ్యాట్‌మ్యాన్ గ్రహాన్నే పేల్చేస్తానని బెదిరించి కారాను విడిపించుకు వచ్చేసరికి మన ఊపిరి అయిపోయింది. కథ ముగిసిందనుకున్నాం. అక్కడిదాకా కథ ఆమెదని సినిమా మనకు చెప్పలేదు మరి. చెప్పి ఉంటే ఆ పొలంలో పోరాటం కోసమే కాచుకుని ఉండేవాళ్లం.

ఇప్పుడు నీ ప్రశ్నకు నా జవాబు. రెండో సినిమా తేలిపోయింది డబ్బు వల్లా కాదు, చేతకాక కూడా కాదు. కథ ఎవరిదో తేల్చుకోకుండా బయలుదేరడం వల్ల. అది తేలితే ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ఏది కొత్తగా కల్పించాలి అన్నవి వాటంతట అవే తేలుతాయి. 1957లో కె.వి.రెడ్డి గారు 'మాయాబజార్' తీసినప్పుడు భారత కథలో అందరికంటే ముఖ్యులైన పాండవులను తెర మీదికే రానివ్వలేదు. కథ శశిరేఖాభిమన్యులదీ, వాళ్లను కలపడానికి దిగొచ్చిన ఘటోత్కచుడిదీ అని ఆయనకూ రచయిత పింగళి వారికీ తెలుసు. భీముడు లేడేమని ఏ ప్రేక్షకుడూ అడగలేదు. ఎంత పెద్ద పేరునైనా బయట నిలబెట్టగల ధైర్యం ఆ స్పష్టత నుంచి వస్తుంది. 'అపోకలిప్స్' తీసినవాళ్లకు బ్యాట్‌మ్యాన్‌ను ఒక పది నిమిషాలు బయట నిలబెట్టే ధైర్యం ఉండి ఉంటే సరిపోయేది.

ఇక నీకు మూడు పనులు చెబుతున్నాను. సెలవులకు వచ్చేలోపు చెయ్యి.

ఒకటి: టర్నర్ గీసిన కారా బొమ్మ ఒకటి తీసుకుని, దాన్ని సగం గీతలతో గీయి. తర్వాత అందులో సగంతో గీయి. ఏ గీత తీసేశాక ఆమె ఆమెలా లేకుండా పోయిందో గుర్తించు. ఆ గీత ఎన్నటికీ వదలొద్దు. మిగతావన్నీ వదలొచ్చు.

రెండు: కారా డార్క్‌సైడ్‌కు లొంగిపోయే సన్నివేశం సినిమాలో లేదు కదా, నువ్వు రాసి స్టోరీబోర్డు గీయి. రెండు నిమిషాలకు మించొద్దు. ఒక్క దెబ్బ కూడా పడకూడదు. ఆమెకు నిజంగా కావలసినదేదో దాన్నే అతను ఎర వేయాలి. ఇల్లా, అమ్మా నాన్నా, తనకంటూ ఒక పేరా, నువ్వే తేల్చు.

మూడు: 2005లో వి.జి.సామంత్ తీసిన 'హనుమాన్', 2007లో అనురాగ్ కశ్యప్ తీసిన 'రిటర్న్ ఆఫ్ హనుమాన్' రెండూ చూడు. రెండోదానిలో హనుమంతుడు మారుతి అనే పిల్లవాడై భూమి మీద పుడతాడు. మొదటి కథ ఎవరిది, రెండోది ఎవరిది, ఆ మార్పును సినిమా మనకు ఎన్ని నిమిషాల్లో ఒప్పించింది, లేదా ఒప్పించలేకపోయింది అన్నది ఒక పేజీ రాయి.

హైదరాబాద్ స్టూడియోల్లో ఎన్నో పరాయి కథలకు మన పిల్లల చేతులే బొమ్మలు కదిలిస్తున్నాయి. ఆ పనితనం మనకు ఉంది. మన సొంత కథలకు రెండో భాగాలు, మూడో భాగాలు తీసే రోజు వస్తే, ఆ గదిలో నువ్వు కూర్చుని ఉండాలని నా కోరిక. అక్కడ పెద్ద పేర్ల గురించీ, పోరాటాల గురించీ చాలా మాటలు నడుస్తాయి. నీకంటే అనుభవం ఉన్నవాళ్లు ఉంటారు. అయినా చెయ్యెత్తి, ఈ కథ ఎవరిదని అడుగు. జవాబు వచ్చేదాకా పెన్సిల్ పట్టకు.

వేళకు తిను. రాత్రుళ్లు కంప్యూటర్ ముందు కళ్లు పాడుచేసుకోకు. మీ నానమ్మ నీకు దీవెనలు చెప్పమంది.

ఇట్లు,
నీ తాత