టాక్స్ వేశారు కాబట్టి సేఫేనా?

క్రిప్టో టాపిక్ వస్తే మన క్యాంపస్‌లో రెండు మాటలు వినిపిస్తాయి. "అది ఇండియాలో బ్యాన్ రా" అని ఒకరు. "గవర్నమెంటే టాక్స్ తీసుకుంటోంది, ఇంకేం భయం?" అని ఇంకొకరు. రెండూ తప్పే.

ముందు బ్యాన్ సంగతి చూద్దాం. 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంక్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. క్రిప్టో వ్యాపారం చేసేవాళ్లకి బ్యాంకులు సేవలు అందించకూడదని దాని సారాంశం. అంటే కాయిన్‌ని నిషేధించలేదు, దానికి డబ్బు వెళ్లే దారి మూసేశారు. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ని కొట్టేసింది. రిజర్వ్ బ్యాంక్‌కి అధికారం ఉందని ఒప్పుకుంటూనే, బ్యాంకులకి నష్టం జరిగిందని చూపించకుండా ఇంత పెద్ద చర్య తగదని చెప్పింది.

ఇక టాక్స్. 2022 బడ్జెట్‌లో వీటికి 'వర్చువల్ డిజిటల్ అసెట్' అని పేరు పెట్టారు. ఎన్‌ఎఫ్‌టీలు కూడా ఇందులోకే వస్తాయి. లాభం మీద 30 శాతం పన్ను. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు.

చిన్న లెక్క చేద్దాం. రెండు కాయిన్లు, ఒక్కోటి 10,000 రూపాయలకి కొన్నారనుకోండి. మొదటిది 15,000కి అమ్మారు, లాభం 5,000. రెండోది 6,000కి అమ్మారు, నష్టం 4,000. చేతిలో మిగిలింది 1,000. పన్ను మాత్రం 5,000 మీద 30 శాతం, అంటే 1,500. దాని మీద సెస్సు అదనం. నికరంగా 500 పైనే పోయింది!

2023 మార్చిలో ఎక్స్ఛేంజీలని మనీ లాండరింగ్ చట్టం కిందికి తెచ్చారు. అప్పట్నుంచి కేవైసీ చేయాలి, అనుమానాస్పద లావాదేవీలని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కి చెప్పాలి. "మేం అక్కడ రిజిస్టర్ అయ్యాం" అని ఒక యాప్ చెప్పిందంటే అర్థం ఇంతే. మన డబ్బుకి గ్యారంటీ ఇచ్చారని కాదు.

అసలు తేడా ఇక్కడే ఉంది. బ్యాంకు మూతపడితే మన డిపాజిట్‌కి 5 లక్షల దాకా ఇన్సూరెన్స్ ఉంది. షేర్ల మార్కెట్‌కి సెబీ ఉంది. యాప్‌లో ఉన్న క్రిప్టో హ్యాక్ అయితే పోలీసు కేసు పెట్టొచ్చు, కోర్టుకి వెళ్లొచ్చు. కానీ ఆ ఇన్సూరెన్స్ దీనికి వర్తించదు.

అందుకే ఎవరైనా "లీగలే కదా" అంటే ఒక్కటి అడగండి: "సరే, పోతే ఎవరిస్తారు?"