యుద్ధము – ధాన్యము

యుద్ధమున పైరు కాలినప్పుడే కరవు వచ్చునని రైతులు తలంపరాదు. ధాన్యము వచ్చు బాట తెగినను కరవు వచ్చును. 1942 మార్చిలో జపాను సైన్యము రంగూనును పట్టుకొనెను. అంతవఱకు ఏటేట బర్మానుండి హిందూదేశమునకు వచ్చుచుండిన పది లక్షల టన్నులకు మించిన బియ్యము నిలిచిపోయెను. ఆ యేఁడే, శత్రువునకు చిక్కకుండుటకై బంగాళపు తీరమున పడవలను ప్రభుత్వము తొలఁగించెను. అక్టోబరునందు తుపాను పైరును చెఱచెను. ఆశచే కొందఱు, భయముచే కొందఱు ధాన్యమును దాఁచిరి. ధరలు మిన్నుముట్టెను. 1943లో లక్షలకొలఁది జనులు మృతినొందిరి. వారిలో పెక్కురు భూమిలేని కూలివారు.

2022లో రష్యా ఉక్రెయినుపై దండెత్తగా నల్లసముద్రపు రేవులనుండి ఎగుమతి ఆగి, గోధుమల ధరయు ఎరువుల ధరయు లోకమంతట పెరిగెను.

కావున రైతులు చేయవలసినది:

1. వచ్చు సాలు విత్తనములను బాగుగా ఎండఁబెట్టి వేఱుగా భద్రపఱుపవలెను.
2. భూమినంతయు ప్రత్తి మొదలగు అమ్మకపు పైరులకే విడువక, కొంత జొన్న, కంది వేయవలెను.
3. జనుము, జీలుగ పెంచి పూఁతకు రాఁగానే దున్నవలెను. అందుచే కొనెడి ఎరువు తగ్గును.
4. ఇంటికి వలసినది ఉంచుకొని, మిగిలిన ధాన్యమును పాతరలో దాఁచక అంగడికి పంపవలెను.

కరవునాఁడు దాఁచిన గింజ, మన పొలమున నాటువేసిన కూలివాని నోటినుండి తీసినదే యగును.