అడగడం, తూచడం, అర్జీ రాయడం



మీ ఇంట్లో డిగ్రీ చదివే బిడ్డ ఉంటే ఈ ఆదివారం పూజ అయ్యాక ఒక మాట అడిగి చూడండి. "తహశీల్దారు గారికి ఒక అర్జీ రాయమంటే ఎవరినీ అడక్కుండా రాయగలవా?" చాలా ఇళ్ళలో బిడ్డ తల వంచుకుంటుంది. పరీక్షలో పుటలకు పుటలు నింపిన బిడ్డే, ఆఫీసు ముందు కూర్చుని అర్జీలు రాసేవాడికి డబ్బులిచ్చి రాయించుకుంటోంది. బిడ్డను తప్పు పట్టలేం. ఆమెకు ఎవరూ నేర్పలేదు.

కళాశాలలో ఆ పాఠం అసలు లేదనకూడదు. 2015లో యూజీసీ తయారు చేసిన పాఠ్యక్రమంలో రాజనీతి శాస్త్ర విద్యార్థులకు 'ప్రజాభిప్రాయం, సర్వే పరిశోధన' అనే నైపుణ్య పాఠం ఉంది. అయితే ఈత గురించి చదివినంత మాత్రాన ఈత రాదు. గైడు చూసి బట్టీ పట్టిన సర్వే కూడా అంతే. ఊళ్ళోకి దిగి నాలుగు తలుపులు తట్టాలి. ఇక్కడే విచారణ యువత సంఘం పనికొస్తుంది.

ఈ పని శ్రీసభకు కొత్తదేమీ కాదు. బెల్జియం దేశంలో జోసెఫ్ కార్డైన్ అనే గురువు 1912 నుండి బ్రస్సెల్స్ పక్కన లాకెన్ విచారణలో సేవ చేశారు. ఫ్యాక్టరీలో పనిచేసే యువతీ యువకులను కూర్చోబెట్టి, వాళ్ళ జీతాలు, పని గంటలు, ఇంటి అద్దెలు వాళ్ళ చేతనే విచారింపజేశారు. యువ క్రైస్తవ కార్మిక ఉద్యమం అలా పుట్టింది. ఆయన నేర్పిన పద్ధతి మూడు మాటలు: చూడు, బేరీజు వేయి, ఆచరించు. 23వ జాన్ పోపుగారు 1961లో 'మాతేర్ ఎత్ మజిస్త్రా' విశ్వలేఖలో ఈ మూడింటినీ యువతకు సిఫారసు చేశారు. నేడు కళాశాలలో సర్వే, విధాన విశ్లేషణ, దరఖాస్తు అని మూడు వేరువేరు పాఠాలుగా చెప్పేది ఒక విధంగా ఇదే.

మొదటిది చూడడం. పెబ్బేరులో ఒక సర్వే తలపెట్టారనుకోండి. వలస గురించి. పాలమూరు కూలీ వెళ్ళని పట్నం లేదని మనకు తెలుసు. ఎంతమంది వెళ్ళారు, ఎన్ని నెలలు ఉన్నారు, పిల్లల చదువు ఏమైంది అంటే మాత్రం చెప్పలేము. వారపు పశువుల సంతలో నిలబడి వచ్చినవారిని అడిగితే సులువే గాని, అక్కడ దొరికేది ఎడ్లు తోలుకొచ్చిన మగవారు. వలస పోయినవారు సంతకు రారు, ఇంట్లోని ముసలమ్మ రాదు. గుడి బయట అడిగితే పూజకు వచ్చినవారే దొరుకుతారు. అందుకని వీధి మొదటి నుండి లెక్కపెట్టుకుంటూ ప్రతి అయిదో ఇంటి తలుపు తట్టాలి. తాళం వేసి ఉందా? పక్కింటికి మారిపోవద్దు. 'తాళం' అని రాసుకుని, మరో రోజు మళ్ళీ వెళ్ళాలి. మూడుసార్లు వెళ్ళినా తాళమే ఉంటే, వలస సర్వేలో ఆ తాళమే పెద్ద జవాబు కావచ్చు.

ప్రశ్న వేయడంలోనూ నేర్పు కావాలి. "మీకు నీళ్ళ కష్టం ఎక్కువే కదా?" అంటే ఎవరైనా అవుననే అంటారు. "నిన్న నీళ్ళు ఎక్కడ నుండి తెచ్చారు? ఎన్ని బిందెలు? ఎవరు మోశారు?" అని అడిగితే కష్టమెంతో తెలుస్తుంది. ఎందుకు అడుగుతున్నామో ముందే చెప్పాలి. రేషన్ కార్డు పోతుందేమోనన్న భయం ఎక్కడైనా ఉంటుంది, కాబట్టి పేరు రాయబోమని చెప్పాలి, చెప్పినట్టే రాయకుండా ఉండాలి.

సంఖ్యాకాండము 13వ అధ్యాయం మీ బిడ్డలతో చదివించండి. మోషే పన్నెండుమందిని కనాను దేశానికి పంపుతూ అడిగి రమ్మన్న సంగతులు చూడండి: నేల మంచిదా, చౌడా? జనం తక్కువా, ఎక్కువా? చెట్లున్నాయా? చక్కని ప్రశ్నావళి అది. వారు నలభై రోజులు తిరిగి వచ్చారు. పన్నెండుమంది చూసింది ఒకే దేశం. పదిమంది తమ భయాన్ని కూడా కలిపి చెప్పారు. సర్వే చేసే యువత జాగ్రత్తపడవలసిన చోటు ఇదే. మనం అనుకున్నది రుజువు చేయడానికి వెళ్తే అదే కనబడుతుంది.

ఇక బేరీజు. మన కుటుంబాల్లో చాలామందికి తగిలే విషయాన్నే తీసుకుందాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు బయటే ఉండిపోయారు. మన రాష్ట్రంలో వారికి బీసీ-సీ కింద ఉన్నది ఒక శాతం.

మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే క్రైస్తవుడు ఉండేవాడు. ప్రభుత్వం అక్కడి షెడ్యూల్డ్ కులాల చర్మకారులకు ఉచితంగా బంకులిస్తూ, క్రైస్తవుడని అతనికి ఇవ్వలేదు. అతను సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1985లో తీర్పు అతనికి వ్యతిరేకంగా వచ్చింది. కారణం గమనించండి. మతం మారాక కూడా అదే స్థాయి అణచివేత కొనసాగుతోందని చూపే వివరమైన అధ్యయనం ఏదీ కోర్టు ముందుకు రాలేదని న్యాయమూర్తులు అన్నారు. అందరికీ తెలిసిన నిజమే, లెక్కగా ఎవరూ రాసిపెట్టలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మత నిబంధన తొలగించమని సిఫారసు చేసింది, అమలు కాలేదు. 2022లో ఇదే ప్రశ్నను జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌కు అప్పగించారు.

విధానాన్ని తూచడమంటే ఇదే. ఉత్తర్వు అక్షరం ఏమంటోంది? ఎవరికి వర్తిస్తుంది? మార్చగలిగేది ఎవరు? రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం ఆ జాబితాను మార్చేది పార్లమెంటు. ఆ సంగతి తెలియక సర్పంచిని నిలదీసి ఏం లాభం? వీధి దీపాలకైతే సర్పంచి దగ్గరకే పోవాలి. మరో మాట కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. కుల వివక్ష గురించి సర్వే చేసే పిల్లలు మన సమాధుల తోటనూ, గుడిలో కూర్చునే వరుసలనూ చూసి రాయాలి. శ్రీసభలోనూ వివక్ష ఉందని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధాన పత్రంలో ఒప్పుకుంది. పితాపాదులే ఒప్పుకున్నాక పిల్లలను అడగవద్దనడం మనకు తగదు.

చివరిది దరఖాస్తు. దీనికి ఉపన్యాసం అక్కరలేదు, బీరువా తెరిస్తే చాలు. పదో తరగతి మెమోలో పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఆధార్‌లోనూ అలాగే ఉన్నాయా చూడండి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగానికి స్థానికత తేల్చేది ఒకటి నుండి ఏడు తరగతుల స్టడీ సర్టిఫికెట్లు. వలస పోయిన ఇళ్ళ పిల్లలకు ఇక్కడే చిక్కు. రెండేళ్ళు ఈ ఊళ్ళో, ఒక ఏడు మరో రాష్ట్రంలో, మధ్యలో బడే లేదు. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తడం కన్నా, ఏ బడిలో ఏ తరగతి చదివిందీ ఇప్పుడే రాసిపెట్టి కాగితాలు తెచ్చుకోవడం మేలు.

బయోడేటా ఒక పుట చాలు. చేయని ఉద్యోగం చేసినట్టు రాయనివ్వకండి. కులం గడిలో ఉన్నది ఉన్నట్టే రాయాలి. లాభం కోసం విశ్వాసాన్ని దాచమని ఏ తల్లీ తండ్రీ బిడ్డకు చెప్పకూడదు, అది ఎంత నష్టమైనా సరే. 'అనుభవం' గడి ఖాళీ అని పిల్లలు దిగులుపడతారు. ఆదివారం బడిలో పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పడం అనుభవమే. యువత సంఘం జమాఖర్చులు రాయడమూ అనుభవమే. పెబ్బేరులో ఇన్ని ఇళ్ళు తిరిగి, ఇన్ని ప్రశ్నలు అడిగి, ఇన్ని పుటల నివేదిక రాశాను అని ఒక్క వాక్యం ఉంటే, ఇంటర్వ్యూలో అధికారి మొదట అడిగేది దాన్ని గురించే కావచ్చు. తను తిరిగిన ఇళ్ళ గురించి చెప్పడానికి ఆ బిడ్డ గైడు తిరగేయనక్కరలేదు.

యువత సంఘాలు ఈ సెలవుల్లో మొదలుపెట్టదలిస్తే ఒక వీధి, పది ప్రశ్నలు చాలు. ప్రశ్నలు రాశాక ముందు మీ ఇంట్లో అమ్మమ్మను అడిగి చూడండి. ఆమెకు అర్థం కాని ప్రశ్నను కొట్టేసి మళ్ళీ రాయండి.